హెలికాప్టర్ స్ట్రీమ్ వచ్చిందని ఇంట్లో డీలా పడ్డారా? ఒక మాజీ పైలట్ జవాబు

ప్రశ్న: "మా తమ్ముడు దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఫ్లైట్ క్యాడెట్. పిలాటస్ మీద మొదటి దశ ట్రైనింగ్ అయ్యాక వాడికి ఫైటర్ రాలేదు, హెలికాప్టర్ స్ట్రీమ్ ఇచ్చారు. వాడూ దిగాలుగా ఉన్నాడు, మాకూ టెన్షన్‌గా ఉంది. మన హెలికాప్టర్లు పాతవని, తరచూ కూలిపోతుంటాయని వింటుంటాం. నిజంగా మెషిన్లు ఎలా ఉంటాయి? పై అధికారులు ఎలా ఉంటారు? ఆ జీవితం ఎలా ఉంటుంది?"

అమ్మా, ముందు మీ తమ్ముడికి నా తరఫున అభినందనలు చెప్పండి. నేను ఎయిర్ ఫోర్స్‌లో చీతా అనే చిన్న హెలికాప్టర్, తర్వాత ఎంఐ-17 అనే పెద్ద రవాణా హెలికాప్టర్ నడిపి వింగ్ కమాండర్‌గా రిటైరయ్యాను. ఇవన్నీ నా సొంత అభిప్రాయాలు. ఇవే మెషిన్లు నడిపి నాతో ఏకీభవించనివాళ్లు కూడా ఉన్నారు.

ఫైటర్ రాలేదన్న దిగులు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది ఎక్కువకాలం ఉండదు. హకీంపేటలో హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. అక్కడ చేతక్ అనే చిన్న హెలికాప్టర్ ఎక్కిస్తారు. ఎడమ చేతిలో కలెక్టివ్ (పైకీ కిందికీ నడిపే లివర్), కుడి చేతిలో సైక్లిక్ (ముందుకీ పక్కలకీ నడిపే కర్ర), కాళ్ల కింద పెడల్స్. ఎడమ చెయ్యి కాస్త పైకి లేపితే ముక్కు పక్కకి తిరుగుతుంది, దాన్ని కాలితో సరిచేస్తే మెషిన్ పక్కకి జారుతుంది, దాన్ని కుడి చేత్తో ఆపబోతే ఎత్తు తగ్గుతుంది. ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉన్నంతసేపు బొమ్మలా నిలబడ్డ హెలికాప్టర్, "ఇక నువ్వు పట్టుకో" అన్న మరుక్షణం కల్లు తాగిన కోతిలా మైదానమంతా తిరుగుతుంది. దాన్ని ఒకచోట కదలకుండా నిలబెట్టడం వచ్చేసరికి ఫైటర్ మాట చాలామంది మర్చిపోతారు.

ఇక మెషిన్ల సంగతి. బయటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "పాతదా, కొత్తదా?" పైలట్ అడిగే మొదటి ప్రశ్న వేరు. ఈ రోజు, ఈ ఎత్తులో, ఈ ఎండలో, ఈ బరువుతో నాకు ఎంత పవర్ మిగులుతుంది? అనుకున్నట్టు జరక్కపోతే వెనక్కి తిరగడానికి దారి ఉందా? మేం మార్జిన్ అనేది దీన్నే. నా దృష్టిలో మంచి మెషిన్ అంటే మార్జిన్ ఇచ్చేది, మంచి లీడర్ అంటే ఆ మార్జిన్ వాడుకోనిచ్చేవాడు. మిగతా అన్నీ దీని తర్వాతే.

చీతానే తీసుకోండి. ఫ్రెంచి వాళ్ల లామా హెలికాప్టర్‌ని మన ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ లైసెన్స్ మీద తయారు చేసింది. అలూయెట్-2 అనే పాత ఫ్రెంచి హెలికాప్టర్ బాడీకి అలూయెట్-3 ఇంజిన్, రోటర్ (పైన తిరిగే రెక్కలు) తగిలించిన మెషిన్ అది. దాని ఇంజిన్‌కి 870 హార్స్‌పవర్ ఇచ్చే సత్తా ఉంది, కానీ 550 దగ్గరే కట్టేశారు. కింద మైదానంలో ఆ మిగులుతో పని లేదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసపడుతుంది కదా, అప్పుడు ఆ దాచిపెట్టిన బలం అక్కరకొస్తుంది. 1972 జూన్‌లో జాఁ బూలే అనే ఫ్రెంచి టెస్ట్ పైలట్ లామా మీద 12,442 మీటర్ల ఎత్తుకి వెళ్లి ప్రపంచ రికార్డు పెట్టాడు. అక్కడ ఇంజిన్ ఆగిపోతే, రోటర్‌ని గాలికే తిప్పుకుంటూ కింద వరకు దిగాడు. అలాంటి పుట్టుక ఉన్న మెషిన్ కాబట్టే 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్ (సియాచిన్ మీద మన సైన్యం పట్టు సాధించిన ఆపరేషన్) మొదలైనప్పటి నుంచి సియాచిన్‌ని అది మోస్తూ వచ్చింది.

అక్కడ పని ఎలా ఉంటుందో చెప్తాను. తెల్లవారకముందే రెడీ అవుతాం. ఎండెక్కేకొద్దీ గాలి వేడెక్కి పలచబడుతుంది, లోయల్లో ఈదురుగాలి లేస్తుంది, అందుకే పై పోస్టుల పని పొద్దున్నే కానిచ్చేయాలి. ఎప్పుడూ రెండు హెలికాప్టర్లు జంటగా వెళ్తాయి, ఒకటి దిగబడితే రెండోది చెప్పడానికైనా ఉండాలి. ఇంధనం కిలోల్లో లెక్కపెట్టి పోస్తాం. పైకి తీసుకెళ్లేది ఎంత? దాదాపు 21,000 అడుగుల మీద ఉన్న సోనమ్ లాంటి పోస్టుకైతే ఒక జెర్రీకాన్ కిరోసిన్, కాసిన్ని ఉత్తరాలు, అంతే. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానికి ఇంచుమించు సగం.

హెలిప్యాడ్ అంటే జవాన్లు బూట్లతో తొక్కి చదును చేసిన మంచు. మన ఇళ్లల్లో ముందు గది పాటి ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో చూపించడానికి ఒక కర్రకి గుడ్డ పేలిక. ఆ ఎత్తులో గాల్లో నిలబడే పవర్ ఉండదు, కాబట్టి నేరుగా వచ్చి స్కిడ్లు (చక్రాల బదులు ఉండే కడ్డీలు) మంచు మీద ఆనించాలి. ఆనించాక కూడా కలెక్టివ్ పూర్తిగా దించకూడదు, దించితే మంచులో కూరుకుపోతుంది. ఇంజిన్ ఆపే ప్రశ్నే లేదు, అక్కడ ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. రోటర్ తిరుగుతుండగానే ఒక జవాను వంగి పాకుతూ వచ్చి కిరోసిన్ దించుకుంటాడు, ఇంకొకరు పేషెంట్‌ని ఎక్కిస్తారు. ఆ జవాను మొహం అద్దానికి అవతల రెండడుగుల దూరంలో కనబడుతుంది. నల్లబడిన చర్మం, పెదాల మీద పగుళ్లు, అయినా బొటనవేలు పైకెత్తి నవ్వుతాడు. మళ్లీ లేచేటప్పుడు నిట్టనిలువుగా లేవలేం. ముక్కు కిందికి వంచి అంచు మీంచి లోయలోకి జారిపోతూ స్పీడ్ అందుకోవాలి. మొదటిసారి చూసినవాళ్లకి పడిపోతున్నట్టే ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా ఒక మాట మొహమాటం లేకుండా అంటాను. చీతా గొప్ప మెషినే, కానీ దాన్ని ఇన్ని దశాబ్దాలు లాగడం తప్పు. ఒకే ఇంజిన్. ఆటోపైలట్ లేదు, వాతావరణ రాడార్ లేదు. చేతిలో పట్టుకునే జీపీఎస్ పెట్టుకుని తిరిగిన కాలం ఉంది. దాని స్థానంలో కొత్తవి కొనడానికి పిలిచిన టెండర్ 2007లో రద్దయింది, మళ్లీ పిలిచింది 2014లో రద్దయింది. 2015లో రష్యాతో కామోవ్-226టి హెలికాప్టర్ల ఒప్పందం అన్నారు, అదీ ముందుకి సాగలేదు. హెచ్ఏఎల్ వాళ్ల ఎల్‌యూహెచ్ అనే తేలికపాటి హెలికాప్టర్ 2016లోనే మొదటిసారి ఎగిరింది, యూనిట్లని నింపే స్థాయికి రావడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పడుతోంది. 2015లో సైనికాధికారుల భార్యలు కొందరు అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పరీకర్‌ని కలిసి ఈ పాత హెలికాప్టర్లు ఆపేయమని అడిగారు. మా మెస్సుల్లో దాన్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. నాకైతే వాళ్లు అడిగిందాంట్లో తప్పేం కనబడలేదు.

మీ తమ్ముడికి దొరికే మెషిన్లు చాలావరకు వేరేగా ఉంటాయి, అది మంచి వార్త. ఎంఐ-17 వి5లు 151 వచ్చాయి. రెండు ఇంజిన్లు, గ్లాస్ కాక్‌పిట్ (మీటర్ల బదులు స్క్రీన్లు), వాతావరణ రాడార్, ఆటోపైలట్. నాలుగు టన్నుల దాకా మోస్తుంది, మొండిది, కొండల్లో నమ్మదగ్గది. నాకు బాగా ఇష్టమైన మెషిన్ అదే. 2019లో పెద్ద బరువులు మోసే చినూక్‌లు చండీగఢ్‌కి, దాడి చేసే అపాచీలు పఠాన్‌కోట్‌కి వచ్చాయి. మన దేశీయ యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్ 2022 అక్టోబర్‌లో జోధ్‌పూర్‌లో చేరింది, 2025 మార్చిలో ఇంకో 156కి ఒప్పందం కుదిరింది. పాతికేళ్ల వయసులో ఆ మెషిన్లు చేతికి రావడమంటే మా తరం కుళ్లుకోవాల్సిందే.

హెచ్ఏఎల్ వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్ గురించి మీరు అడుగుతారని తెలుసు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక మొత్తం ఫ్లీట్‌ని నెలల తరబడి ఆపేశారు. రోటర్ కోణాన్ని మార్చే స్వాష్‌ప్లేట్ దగ్గర లోపం బయటపడింది. అక్కడ ఏదైనా విరిగితే పైలట్ ఎంత మొనగాడైనా చేయగలిగేది ఏమీ లేదు. డిజైన్‌లో మంచి మెషిన్, రెండు ఇంజిన్లతో కొండల్లో అద్భుతంగా ఎక్కుతుంది. కానీ లోపం ఎక్కడుందో తేలేవరకు ఫ్లీట్‌ని నేల మీద ఉంచడం సరైన నిర్ణయమే. ఆపేసినందుకు విమర్శించేవాళ్లు ఆ సీట్లో కూర్చోరు.

అయితే కొత్త మెషిన్ ఉంటే ప్రాణాలకి ఢోకా లేదనుకుంటే పొరపాటు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్నది ఎంఐ-17 వి5. మన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులోనే పోయాడు. విచారణలో మెకానికల్ లోపం లేదని, లోయలో వాతావరణం అనుకోకుండా మారడంతో హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని, పైలట్‌కి దిక్కు తెలియని స్థితి ఏర్పడి కొండని ఢీకొందని తేల్చారు. ఆ పైలట్‌ని నేను తప్పుపట్టను. మబ్బులో ఏం జరుగుతుందో అనుభవించినవాడికే తెలుసు. చెవి లోపలి భాగం మీకు అబద్ధం చెప్తుంది. మీరు నిటారుగా ఉన్నారనుకుంటారు, మీటరేమో ఎడమకి ఒరిగావంటుంది. అప్పుడు ఒళ్లు చెప్పేది వదిలేసి మీటర్ మాట వినాలి, అది ప్రాక్టీసుతో మాత్రమే వస్తుంది.

తెలుగువాళ్లకి ఇలాంటిది ఇంకోటి ఎప్పటికీ గుర్తుంటుంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డిగారు బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరిన బెల్-430. అది సైనిక హెలికాప్టర్ కాదు, కానీ రెండు ఇంజిన్లు ఉన్న మంచి మెషిన్. నల్లమల మీద చెడ్డ వాతావరణం ఒకపక్క, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక ఇంకోపక్క. ఈ రెండూ ఒకేసారి మీద పడితే కాక్‌పిట్‌లో మనసు ఎలా చీలిపోతుందో నేను ఊహించగలను. నా శిష్యులకి నేనెప్పుడూ చెప్పేది, వెనక్కి తిరగాలా వద్దా అన్న ఆలోచన రాగానే తిరిగిపోవాలి. వీఐపీ ఉన్నప్పుడు ఆ ఆలోచన ఆలస్యంగా వస్తుంది. ఎవరూ ఒత్తిడి చేయనక్కర్లేదు. కింద జనం ఎదురుచూస్తున్నారన్న తలపు చాలు.

ఇక్కడే లీడర్‌షిప్ మాట వస్తుంది. ఒక సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) దగ్గర పనిచేశాను, పేరు చెప్పను. ఒక సాయంత్రం పై పోస్టులో జవానుకి ఫ్రాస్ట్‌బైట్ (చలికి ఒళ్లు గడ్డకట్టి చచ్చుబడటం) అని కబురొస్తే బయల్దేరాం. కనుమ దగ్గరికి వెళ్లేసరికి మబ్బు కిందికి దిగిపోయింది. వెనక్కి తిప్పేశాను. దిగేసరికి సీఓ డిస్పర్సల్‌లో, అంటే హెలికాప్టర్లు నిలిపే చోట, నిలబడి ఉన్నారు. "టీ తాగండి ముందు" అన్నారు. ఆ తర్వాత మా ముందే ఆర్మీ వాళ్లకి ఫోన్ చేసి, "మావాళ్లు తిరిగొచ్చారు, సరైన పనే చేశారు, తెల్లారగానే మళ్లీ వస్తాం" అన్నారు. మర్నాడు ఆ జవానుని దించాం, ప్రాణం దక్కింది, కాలి వేళ్లు కొన్ని పోయాయి. ఆ సంగతి తెలిశాక కూడా ఆయన మాట మారలేదు. ఆ యూనిట్‌లో కుర్ర పైలట్లు భయం లేకుండా ఎగిరేవాళ్లు, భయం లేకుండా తిరిగొచ్చేవాళ్లు.

ఇంకోరకం వాళ్లూ ఉంటారు. తిట్టరు, కేకలేయరు. తిరిగొచ్చిన పైలట్‌ని చూసి, "పక్క యూనిట్ వాళ్లు వెళ్లొచ్చారట కదా" అని ఊరుకుంటారు. ఆ ఒక్క ముక్క చాలు. మళ్లీసారి ఆ కుర్రాడు తిరగాల్సిన చోట తిరగడు. కాగితం మీద ఎక్కడా ఎవరి సంతకమూ ఉండదు. సర్వీసులో నాకు నిజంగా కోపం తెప్పించింది ఇలాంటివాళ్లే.

పై స్థాయిలో కూడా ఇదే తూకం. 2019 ఫిబ్రవరి 27న బడ్గామ్‌లో మన క్షిపణే మన ఎంఐ-17ని కూల్చింది. ఆరుగురు ఎయిర్ ఫోర్స్ వాళ్లు, కింద ఒక పౌరుడు పోయారు. కొన్ని నెలల తర్వాత అప్పటి ఎయిర్ చీఫ్ భదౌరియా అది మన వైపు నుంచి జరిగిన పెద్ద తప్పని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి పట్టిన సమయం ఎక్కువే. అయినా దాచేయకుండా చెప్పడం వల్ల మిగతా పైలట్లకి నమ్మకం నిలబడింది.

కాక్‌పిట్‌లో ర్యాంకు ఎలా పనిచేస్తుందో మీ తమ్ముడు వించింగ్‌లో (తాడుతో మనుషుల్ని పైకి లాగే పనిలో) నేర్చుకుంటాడు. 2021 నవంబర్‌లో అనంతపురం జిల్లా చిత్రావతి వరదలో జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని ఎంఐ-17 తీసుకొచ్చింది, మీరు టీవీలో చూసే ఉంటారు. అలాంటి పనిలో హెలికాప్టర్ సరిగ్గా నెత్తి మీద ఉంటుంది కాబట్టి కింద ఉన్నవాళ్లు పైలట్‌కి కనబడరు. తలుపు దగ్గర పడుకుని కిందికి చూస్తున్న ఫ్లైట్ గన్నర్ చెప్తుంటాడు: "ముందుకి ఐదు... మూడు... ఒకటి... ఆగండి." పైలట్ వింగ్ కమాండర్, చెప్పేవాడు సార్జెంట్. ఆ కాసేపు సార్జెంట్ మాటే శాసనం. "ఎడమకి చెట్టుంది" అంటే చెట్టుందంతే, ఎదురు ప్రశ్న ఉండదు. కింద పరుగెడుతున్న నీళ్లని చూస్తూ ఉంటే మెషిన్ కూడా కదులుతున్నట్టు భ్రమ వస్తుంది, అందుకే కళ్లు గట్టు మీద ఏదో ఒక చెట్టుకి అతికించి చెవులు అతనికి అప్పగించాలి. ఆ అలవాటు ఒంటపట్టించుకున్న అధికారి నేల మీద కూడా కిందివాళ్ల మాట వింటాడు. ఒంటపట్టనివాళ్లని గుర్తుపట్టడం తేలిక, ఫ్లైట్ ముందు టెక్నీషియన్ ఏదో చెప్పబోతుంటే వాచీ చూసుకుంటారు. ఆ టెక్నీషియన్ మైనస్ ఇరవైలో గ్లవ్స్ తీసేసి, వేళ్లు లోహానికి అంటుకుపోతుంటే నట్టు బిగించి ఫామ్ 700లో (మెషిన్ సర్వీసింగ్ రికార్డులో) సంతకం పెట్టినవాడు. అతను చెప్పేది వినకపోతే ఇంకెవరిది వింటారు?

ప్రమోషన్ల మాట కూడా దాచను. ఎయిర్ ఫోర్స్‌లో ఫైటర్లకి పెద్దపీట. హెలికాప్టర్ స్ట్రీమ్ నుంచి ఎయిర్ చీఫ్ అయినవాడు 2007లో ఆ పదవికొచ్చిన ఫాలీ మేజర్ ఒక్కడే. ఎయిర్ మార్షల్ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు, కూనూర్ విచారణ నడిపిన ఎయిర్ మార్షల్ మానవేంద్ర సింగ్ హెలికాప్టర్ పైలటే. మీ తమ్ముడికి చీఫ్ అవ్వాలని పట్టుదల ఉంటే కొంచెం నిరాశ తప్పదు. ఎగరాలని ఉంటే మాత్రం హెలికాప్టర్‌కి పని లేని రోజు ఉండదు. యుద్ధం ఉన్నా లేకపోయినా వరదలొస్తాయి, కొండ మీద ఎవరో ఒకరికి జబ్బు చేస్తుంది.

జీవితం సంగతి ఇంటివాళ్లుగా మీరు తెలుసుకోవాల్సింది. లేహ్, సర్సావా, మోహన్‌బరి, జోర్హాట్, కార్ నికోబార్, సూలూర్, ఇలా తిరుగుతూ ఉంటాడు. హైదరాబాద్ చుట్టుపక్కల పోస్టింగ్ వస్తే అదృష్టం, అదీ చాలావరకు ఇన్‌స్ట్రక్టర్‌గానే. క్వార్టర్ దొరకడానికి వరసలో ఆగాలి. పిల్లలు కేంద్రీయ విద్యాలయాల్లో చదువుతారు. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది కానీ చదవడం పెళ్లయ్యాక నేర్చుకుంది. భార్య ఉద్యోగం చేయాలనుకుంటే ప్రతి పోస్టింగ్‌కీ మొదట్నుంచి మొదలెట్టాలి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి, జీతం తర్వాత చెప్పండి.

జీతం బాగానే ఉంటుంది. మిలిటరీ సర్వీస్ పే 15,500, దాని మీద ఫ్లయింగ్ అలవెన్స్. సియాచిన్‌లో ఉన్నన్నాళ్లు అధికారులకి 2017లో నిర్ణయించిన అలవెన్స్ నెలకి 42,500 రూపాయలు. అక్కడ పనిచేసినవాళ్లెవరూ దాన్ని ఎక్కువ అనరు.

ఎవరూ ముందు చెప్పనిది నడుం నొప్పి. హెలికాప్టర్ సీట్లో ఎడమ చెయ్యి కిందికి, కుడి చెయ్యి తొడల మధ్యకి, కొంచెం ముందుకి వంగి గంటల తరబడి కూర్చోవాలి, పైగా ఆపకుండా వణుకు. ముప్ఫై ఐదేళ్లకే చాలామంది నడుం పట్టుకుంటారు. కొందరికి చెవులు మందగిస్తాయి. ఇప్పట్నుంచే వెన్నుకి, పొట్ట కండరాలకి రోజూ వ్యాయామం చేయమనండి. హెల్మెట్ కింద ఇయర్ ప్లగ్స్ కూడా పెట్టుకోమనండి, ఎవరు నవ్వినా సరే. నొప్పి వస్తే మెడికల్ కేటగిరీ (ఎగరడానికి కావాల్సిన ఆరోగ్య స్థాయి) పడిపోతుందని దాచేవాళ్లు ఉంటారు. దాచితే చివరికి శాశ్వతంగా ఎగరకుండా పోతుంది.

మీ ఇంట్లో చెల్లెళ్లు ఉంటే వాళ్లకీ దారి ఉంది. 1990ల నుంచే ఆడపిల్లలు హెలికాప్టర్లు నడుపుతున్నారు, 1999 కార్గిల్‌లో శ్రీవిద్య రాజన్, గుంజన్ సక్సేనా చీతాలు నడిపారు. ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్ ఫోర్స్ ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లొచ్చు, ఇంటర్‌లో ఫిజిక్స్, మాథ్స్ ఉండాలి. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, అందులో పోతే ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపు మూసుకున్నట్టే. జ్వరంతోనో నిద్రలేకనో వెళ్లొద్దు.

చివరిగా ఒక ప్రాక్టికల్ సంగతి. సర్వీసు తర్వాత హెలికాప్టర్ పైలట్‌కి బయట పని దొరుకుతుంది. కాకినాడ సముద్రంలోని రిగ్గులకి రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు తిరుగుతుంటాయి, రాష్ట్ర ప్రభుత్వాలకి కావాలి, కేదార్‌నాథ్ లాంటి చోట్ల యాత్రికులకి కావాలి. దానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగేది లాగ్‌బుక్ (ఎగిరిన గంటల రికార్డు): కెప్టెన్‌గా ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని, ఇన్‌స్ట్రుమెంట్ల మీద ఎన్ని అని విడివిడిగా. మావాళ్లు చాలామంది రిటైర్‌మెంట్ దగ్గరపడ్డాక పాత యూనిట్లకి ఫోన్లు చేసి రికార్డులు వెతికించుకున్నారు. హకీంపేటలో మొదటి ఫ్లైట్ నుంచే, ప్రతిరోజూ రాత్రి పడుకోబోయే ముందు ఆ కాలమ్స్ నింపుకోమనండి, నెలకోసారి అధికారి సంతకం తీసుకుని ఫోటో తీసి మీకు పంపించమనండి.